చదవని ఉత్తరం

మేము ముగ్గురం అక్కచెల్లెళ్ళం. పెద్దది గుంటూరులో అమ్మీ దగ్గర ఉంటుంది. నడిపిది హైదరాబాదు టోలీచౌకీలో కాపురం. చిన్నది భర్తతో పాటు దమ్మాంలో. ఈ వ్యాసం ముగ్గురం ఫోనులో మాట్లాడుకుంటూ కొన్ని వారాలపాటు రాసింది. కలం పట్టింది ఒక్కరే అయినా, ఇందులో చెప్పబోయే తప్పు ముగ్గురిదీ కనుక ‘మేము’ అనే రాస్తున్నాము. రాయడానికి ముందు ఆ తప్పు ఎవరి పట్ల జరిగిందో ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాము. “పేర్లు వద్దు, మిగతాది రాయండి ఆపా, ఎవరికైనా పనికి వస్తుంది” అన్నది.

మా ఇంట మాట ఉర్దూ, మా చదువు తెలుగు. గుంటూరు జిల్లాలోని అనేక ముస్లిం కుటుంబాల పరిస్థితి ఇదే. ఖుర్ఆన్ పారాయణం కోసం అరబీ అక్షరాలు నేర్చుకున్నాము గాని, ఉర్దూ పుస్తకాన్ని గడగడా చదివే శక్తి మాకు అబ్బలేదు. అమ్మీకి మాత్రం అది కొట్టిన పిండి. అబ్బా హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాల బండ్ల మీద నుండి ఉర్దూ మాసపత్రికలు, నవలలు తెచ్చేవారు. రాత్రి భోజనాల వేళ అమ్మీ ఆ నవలలను మాకు కథలుగా చెప్పేది. ఆమెకు నిద్ర ముంచుకొచ్చిన చోట కథ ఆగేది. మిగిలింది మరునాటికి.

అందుచేత 2014లో ‘జిందగీ’ అనే టీవీ ఛానల్ మన దేశంలో మొదలై, పాకిస్తాన్ నాటకాలను వరుసగా ప్రసారం చేయసాగినప్పుడు, మాకు ఆ కథలు కొత్తవిగా తోచలేదు. అమ్మీ నోట విన్న ప్రపంచమే తెర మీదికి వచ్చినట్లనిపించింది. ఉమేరా అహ్మద్ నవల ఆధారంగా తీసిన ‘జిందగీ గుల్జార్ హై’, ఫర్హత్ ఇష్తియాక్ నవల ఆధారంగా తీసిన ‘హమ్‌సఫర్’ ఆ రోజుల్లోనే చూశాము. వందల ఎపిసోడ్ల పాటు సాగే ధారావాహికలకు అలవాటు పడ్డ మాకు, ఇరవై మూడు ఎపిసోడ్లలో ముగిసిపోయే ‘హమ్‌సఫర్’ ఒక వింత. ముగింపు అంటూ ఒకటి ఉందని తెలిసిన కథను మనిషి శ్రద్ధగా చూస్తాడు. 2016లో ఆ ఛానల్ పాకిస్తాన్ నాటకాలను నిలిపివేసింది. చూసేవారు యూట్యూబుకు తరలిపోయారు. మేమూ తరలాము.

మా బైఠక్

2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఎవరి గుమ్మం వారు దాటలేని ఆ రోజుల్లో మా బంధువుల ఆడవాళ్ళం ఇరవై మందికి పైగా కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు ఏర్పరచుకున్నాము. దానికి ‘బైఠక్’ అని పేరు పెట్టింది మా ముమానీ. రంజాన్ పండుగ తరువాత ఒక నియమం పెట్టుకున్నాము. ప్రతి శుక్రవారం ఇషా నమాజు అయ్యాక, రాత్రి పది గంటలకు అందరమూ ఎవరి ఇంట్లో వారు ‘హమ్‌సఫర్’ ఒక ఎపిసోడ్ చూడాలి. పదకొండు నుండి చర్చ. దమ్మాంలో ఉన్న చిన్నదానికి అది రెండున్నర గంటలు ముందు, వంట వేళ. అయినా పొయ్యి పక్కన ఫోను నిలబెట్టుకుని చూసేది.

ఆ చర్చలు ఎంత రసవత్తరంగా ఉండేవో చెప్పలేము. పదవ తరగతి దాటని మా ముమానీ చేసిన విమర్శ పత్రికల్లో కూడా చదవలేదు. “వీళ్ళ నాటకాల్లో కష్టం వచ్చినప్పుడే ముసల్లా పరుస్తారేమిటి? సుఖంగా ఉన్నప్పుడు ఒక్కరూ నమాజు చేయరా?” అని అడిగింది. “ఏ ఇంట్లో చూసినా పనివాళ్ళే. గిన్నెలు తోముకునే మనలాంటి వాళ్ళ కథ ఎవరు తీస్తారు?” అన్నది ఒక ఖాలా. కథానాయిక మాట్లాడవలసిన చోట మౌనంగా కన్నీరు కార్చడాన్ని సహనమని చూపిస్తున్నారనీ, సబ్ర్ అంటే నోరు కట్టేసుకోవడం కాదనీ కాలేజీ చదివే పిల్లలు వాదించారు. మా ‘నక్కో’, ‘హౌ’ వదిలేసి పిల్లలు ‘నహీఁ’, ‘జీ’ అంటూ లక్నోవీ మర్యాదలు పోతుంటే నవ్వుకున్నాము.

ఇటువంటివి చూడవచ్చునా, కూడదా అన్న ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది. మా పెద్ద బావగారికి అవి సుతరామూ ఇష్టం లేదు. ఆ విషయం తేల్చవలసినది ఆలిములే తప్ప మేము కాదు. మేము చెప్పదలచినది వేరు. చూసిన తరువాత మేమేం చేశామన్నదే ఇక్కడి విషయం.

మా చర్చల్లో అమ్మీ అరుదుగా మాట్లాడేది. మాట్లాడినప్పుడు మాత్రం పాత సంగతులు తీసేది. నవలను టీవీకి మలచడం నిన్నమొన్నటిది కాదని చెప్పింది. పాకిస్తాన్ టెలివిజన్‌కు ఎ.ఆర్. ఖాతూన్ నవలలు ‘షమా’, ‘అఫ్షాన్’లను నాటకాలుగా మలచిన ఫాతిమా సురయ్యా బజియా మన హైదరాబాదు సంస్థానంలో పుట్టిన ఆడపడుచు. 1930లో పుట్టి, 2016లో కరాచీలో కన్ను మూసింది. అంతకంటే వెనక్కి పోతే 1869లో డిప్యూటీ నజీర్ అహ్మద్ ‘మిరాతుల్ ఉరూస్’ రాశాడు. తరువాతి కాలంలో ఆయన నిజాం ప్రభుత్వంలో ఉద్యోగం చేసినవాడే. ఆ నవలలో అక్బరీ, అస్గరీ అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పెద్దది గయ్యాళి, పని రానిది. చిన్నది నేర్పరి, ఇల్లు నిలబెట్టినది. “మా చిన్నతనంలో ఏ పిల్లనైనా తిట్టాలంటే అక్బరీ అనేవారు” అన్నది అమ్మీ. “ఒకసారి ఆ పేరు పడితే పెళ్ళయ్యేదాకా పోయేది కాదు. పుస్తకంలో అక్బరీ ఒక్కతే. ఊళ్ళో ఎంతమందినో అక్బరీలను చేశాము.”

ఆ మాటను ఆ రోజు మేము ఒక జ్ఞాపకంగా విన్నాము, హెచ్చరికగా వినలేదు. అప్పటికే మా గ్రూపులో ఒక బంధువు అత్తగారికి ‘ఫరీదా’ అని పేరు పెట్టి చాటుగా నవ్వుకుంటున్నాము. ‘హమ్‌సఫర్’లో కోడలి మీద కుట్ర పన్నే అత్తగారి పేరు అది. ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా ఎగతాళి చేయడాన్ని, చెడ్డ పేర్లు తగిలించడాన్ని ఎంత స్పష్టంగా వారించిందో చిన్నప్పటి నుండి చదివినవాళ్ళమే.

ఆ శుక్రవారం

‘హమ్‌సఫర్’ కథ చాలామంది పాఠకులకు తెలిసే ఉంటుంది. ఖిరద్ అనే పేదింటి అమ్మాయికి ధనిక కుటుంబంలోని అషర్‌తో నిఖా అవుతుంది. అత్తగారు కోడలి శీలం మీద నింద పడేటట్లు పన్నాగం పన్నుతుంది. భర్త దానిని నమ్ముతాడు. గర్భవతి అయిన ఖిరద్ రాత్రివేళ ఇంటి నుండి గెంటివేయబడుతుంది. ఆమె రాసిన ఉత్తరాన్ని అతను ఎంతో కాలం వరకు విప్పి చదవడు. జబ్బు చేసిన కూతురి వైద్యం కోసం ఆమె ఏళ్ళ తరువాత తిరిగి రావలసి వస్తుంది.

మా బైఠక్‌లో అషర్‌కు పడిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. “ఒక్కసారి ఆమెను అడిగి ఉండవచ్చు కదా?” “చదువుకున్నవాడు, ఉత్తరం చదవడానికి ఏమైంది?” “కంటితో చూసినదాన్ని కూడా నమ్మకూడదని తెలియదా?” ఇవన్నీ మేము రాసిన మాటలే. ఫోనులో ఇంకా భద్రంగా ఉన్నాయి.

నవంబరు నెల. కథ చివరికి వచ్చింది. అషర్ ఆ ఉత్తరం చదివే ఘట్టం కోసం అందరమూ ఎదురు చూస్తున్న శుక్రవారం. సాయంత్రం ఏడు గంటలకు దూరపు బంధువు ఒకామె గ్రూపులో ఇలా రాసింది: మన వాళ్ళ అమ్మాయి ఒకతె విజయవాడలో ఒక ఆసుపత్రి ఎదుట టీ హోటల్లో ఎవరో కుర్రవాడితో రెండుసార్లు కనబడిందట, నిశ్చితార్థం అయిన పిల్లట, అల్లాహ్ కాపాడాలి.

పేరు లేదు. అవసరమూ లేదు. మా బంధువుల్లో నిశ్చితార్థం అయి విజయవాడలో ఉన్న పిల్ల ఒక్కతే. మా చిన్న మామూ కూతురు. రెండు నెలల్లో నిఖా.

తెలుగులో ‘ట’ అనే ఒక చిన్న అక్షరం ఉంది. ‘కనబడింది’ అంటే చూసినవాడి సాక్ష్యం. ‘కనబడిందట’ అంటే ఎవరో చెప్పిన మాట. ఈ రెంటి మధ్య ఎంత దూరమో మన భాషే ఒక్క అక్షరంలో చెబుతుంది. ఆ సాయంత్రం మాలో ఎవరమూ ఆ అక్షరాన్ని చూడలేదు.

మేము ముగ్గురం ఏం చేశామో దాచకుండా చెబుతాము. పెద్దది “నిప్పు లేనిదే పొగ రాదు” అని రాసింది. నడిపిది ఆ బంధువుకు విడిగా సందేశం పంపి, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని వివరాలు కూపీ లాగింది. చిన్నది తల పట్టుకున్న బొమ్మ ఒకటి పెట్టి, వంట చూసుకుంది. ముగ్గురిలో ఒక్కరం కూడా “ఇది తప్పు, తీసివేయండి” అనలేదు. ఆ అమ్మాయి కూడా ఆ గ్రూపులోనే ఉన్నదని తెలిసీ అనలేదు.

రాత్రి తొమ్మిది నలభైకి ఆమె నుండి నడిపిదానికి ఒక పొడవైన సందేశం వచ్చింది. తెర మీద నాలుగు సార్లు జరిపినా ముగియనంత పొడవు. పది గంటలకు ఎపిసోడ్ మొదలు. “తరువాత తీరికగా చదువుదాం” అనుకుని పక్కన పెట్టింది. పదకొండు గంటలకు అషర్ ఉత్తరం చదవడం గురించి చర్చ మొదలైంది. అర్ధరాత్రి దాకా సాగింది. కన్నీళ్ళు పెట్టుకున్నాము. శనివారం ఇంటి పనులు. ఆదివారం ఫజర్ నమాజు తరువాత ఆ సందేశం గుర్తుకు వచ్చింది.

అందులో ఉన్నది ఇది. మామూకు మూత్రపిండాలు పాడయ్యాయి. డయాలిసిస్ తప్పదన్నారు. రక్తపోటు ఉన్న తన అక్కకు, అంటే మా అమ్మీకి, నిఖా అయ్యేదాకా ఈ సంగతి తెలియనివ్వవద్దని ఆయన కూతురి చేత మాట తీసుకున్నారు. ఆ కుర్రవాడు ఆసుపత్రి కౌంటరులో పని చేసేవాడు. చికిత్స పథకానికి పెట్టవలసిన కాగితాలు ఎలా నింపాలో తన భోజన విరామంలో, ఆ హోటల్లో కూర్చుని చెప్పాడు. అది రెండుసార్లు జరిగింది. చివరి వాక్యాలు మాకు కంఠతా వచ్చు: “ఆపా, నేను చెబితే సంజాయిషీ అంటారు. మీరు ఒక్క మాట గ్రూపులో చెప్పండి. మీ మాట వింటారు. ఈ రాత్రే చెప్పండి.”

ఆ రాత్రి గడిచిపోయింది. శనివారం సాయంత్రానికే పెళ్ళికొడుకు వారి ఇంటి నుండి మామూకు ఫోను వచ్చింది. కొంతకాలం ఆగుదామన్నారు. ఆ తరువాత వారు మళ్ళీ ఫోను చేయలేదు.

కళ్ళారా చూసిందెవరు?

ఆదివారం ఉదయం ఇక దాచడం సాధ్యం కాక అమ్మీకి అంతా చెప్పాము. ఆమె తమ్ముడి జబ్బు గురించి ఏడుస్తుందనుకున్నాము. ఏడ్చింది కూడా. అయితే మొదట అడిగిన మాట అది కాదు. “కళ్ళారా చూసిందెవరు?” అని అడిగింది. వరుసగా ఫోన్లు చేసుకుంటూ పోయాము. రాసినామెకు ఆమె మరదలు చెప్పింది. మరదలికి పక్కింటావిడ. పక్కింటావిడకు ఎవరో పేషెంటు బంధువు. ఆ చివరి మనిషి పేరు ఎవరికీ తెలియదు. తెలిసిన పేర్లన్నీ నమాజు చేసేవారివే, ‘హమ్‌సఫర్’ చూసి కన్నీరు పెట్టుకున్నవారివే.

అప్పుడు అమ్మీ నూర్ సూరా తెరచి, ఇఫ్క్ సంఘటనను గుర్తు చేసింది. బనూ ముస్తలిక్ దండయాత్ర నుండి తిరిగి వస్తూ, పోయిన హారాన్ని వెదకడంలో హజ్రత్ ఆయిషా (రజి) వెనుకబడి పోవడం, సఫ్వాన్ (రజి) ఆమెను గౌరవంగా తన ఒంటె మీద కూర్చోబెట్టి తాను నడిచి తీసుకురావడం, దాని మీద నింద పుట్టడం మనందరికీ తెలిసినదే. జబ్బుతో ఇంట్లో ఉన్న ఆమెకు దాదాపు నెల రోజుల దాకా ఆ నింద సంగతే తెలియదు. ఊరంతా తెలిసి, ఆమెకు మాత్రమే తెలియని నెల అది. విన్న వెంటనే విశ్వాసులు తమ వారి గురించి మంచే ఎందుకు తలచలేదని, నలుగురు సాక్షులను ఎందుకు అడగలేదని అల్లాహ్ మందలించాడు. ఆ మందలింపు నింద పుట్టించినవారికే కాదు, విని నోటితో దాటించినవారికి కూడా.

అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో జరిగిన మాట కూడా చెప్పింది అమ్మీ. ఊళ్ళో అనుకుంటున్నది విన్నారా అని భార్య అడిగినప్పుడు, నీవైతే అలాంటి పని చేస్తావా అని ఆయన తిరిగి అడిగారు. చేయనన్నది ఆమె. ఆయిషా నీకన్నా ఉత్తమురాలు కదా అన్నారాయన. అంతటితో ఆ ఇంట్లో ఆ నింద ఆగిపోయింది. ఒక భర్త, ఒక భార్య, రెండు ప్రశ్నలు. మా ఇరవై ఇళ్ళలో ఒక్క ఇంట్లోనూ ఆ రెండు ప్రశ్నలు పుట్టలేదు.

ఏ నాటకం చూసినా, ఇందులో మనం ఎవరిలాంటివారం అని ప్రేక్షకులు అనుకోవడం సహజం. మేమెప్పుడూ ఖిరద్ వైపే నిలబడ్డాము. నిజానికి మాకు అందులో స్థానం ఉంటే, అది ఉత్తరం విప్పని అషర్ స్థానమే.

ఎందుకిలా జరిగిందని తరువాత ఎన్నోసార్లు ఆలోచించాము. తెర మీద నింద పడినప్పుడు, అది అబద్ధమని మాకు ముందే తెలుసు. ఫరీదా పన్నాగాన్ని కెమెరా మాకు చూపించింది, అషర్‌కు చూపించలేదు. అతనికి తెలియనిది మాకు తెలుసు కనుక అతని మీద కోపం తెచ్చుకోవడం సులభమైంది. మా న్యాయబుద్ధి మాది కాదు, దర్శకుడు ఇచ్చినది. జీవితంలో కెమెరా ఎవరి గదిలోనూ ఉండదు. ఆ హోటల్లో బల్ల మీద పరచిన ఆసుపత్రి కాగితాలను మాకు ఎవరూ చూపించరు. అక్కడ మిగిలేది ‘ట’ అన్న అక్షరం, ఇన్నేళ్ళుగా ఎరిగిన పిల్ల. ఈ రెంటిలో దేనిని నమ్మాలో తేల్చుకోవడమే అసలు పరీక్ష. ఆ పరీక్షలో తప్పాము.

వారం తరువాత అమ్మీని తీసుకుని విజయవాడ వెళ్ళాము. చిన్నది దమ్మాం నుండి వీడియోలో ఉన్నది. క్షమించమని అడిగాము. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. మామూకు మందులు ఇచ్చి, మాకు టీ పెట్టి తెచ్చింది. తరువాత అన్నది: “మీరందరూ ఆ రాత్రి ఏం చూస్తున్నారో నాకు తెలుసు ఆపా. నేనూ అదే చూస్తున్నాను. ఫోనులో మీరు చదివినట్టు గుర్తు పడుతుందేమోనని మధ్యమధ్యలో చూసుకుంటున్నాను.”

దానికి మా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

ఏడాదిన్నర తరువాత ఆమెకు వేరొక చోట నిఖా జరిగింది. అల్‌హమ్దులిల్లాహ్, బాగున్నది. అయితే మామూ ఆ నిఖా చూడలేదు. అంతకు నాలుగు నెలల ముందే ఆయన అల్లాహ్ సన్నిధికి చేరారు. మొదట అనుకున్న ముహూర్తానికి జరిగి ఉంటే, ఆయన తన చేతుల మీదుగా కూతురిని సాగనంపి ఉండేవారు. మంచి ముగింపు వచ్చినంత మాత్రాన మధ్యలో పోయినది తిరిగి రాదు.

ఇప్పుడు మా బైఠక్

గ్రూపు మూసివేద్దామని కొందరన్నారు. మూసివేయలేదు. చర్చ చెడ్డదని మేమనుకోవడం లేదు. ఫర్హత్ ఇష్తియాక్ రాసిన ‘ఉడారీ’ అనే నాటకం 2016లో వచ్చింది. పసిపిల్లలపై ఇంటి మనుషులే జరిపే లైంగిక దాడి గురించినది. అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఆ ఛానల్‌కు నోటీసు ఇస్తే, ప్రేక్షకులు నాటకం పక్షాన నిలిచారు. తరువాత మేము దానిని కలిసి చూశాము. ఎవరు తాకినా, ఎంత దగ్గరివారైనా, ఇష్టం లేకపోతే అమ్మకు చెప్పాలని ఆ వారం మా ఇళ్ళలో పిల్లలకు మొదటిసారి విడమరచి చెప్పుకున్నాము. మా తల్లులు మాకు చెప్పలేని మాట, ఒక కథ వంకతో మేము మా పిల్లలకు చెప్పగలిగాము. ఊహలోని మనుషుల గురించి మాట్లాడుకోవడంలో ఉన్న మేలు అదే. వారి పరువు పోదు, మన బుద్ధి పదునెక్కుతుంది.

కనుక ఒక గీత గీసుకున్నాము. తెర మీది మనుషులను ఎంతైనా విమర్శించవచ్చు. వారి పేర్లను మన ఇళ్ళలోని మనుషులకు తగిలించకూడదు. ‘ట’తో ముగిసే వాక్యం ఎవరి గురించి వచ్చినా, “కళ్ళారా చూసిందెవరు?” అని మొదట చదివినవారు అడగాలి. ఎవరైనా పొడవైన సందేశం పంపితే, ఏ పని మీద ఉన్నా ముందు దానిని చదవాలి. ఈ మూడూ అమ్మీ పెట్టిన నియమాలు. గడచిన రంజాన్‌లో ఒకసారి అటువంటి వాక్యమే వచ్చింది. రెండు నిమిషాల్లో ముమానీ ఆ ప్రశ్న వేసింది. జవాబు రాలేదు. వాక్యం తొలగిపోయింది. ఎవరి గురించో, ఏమిటో మేమెవరమూ తరువాత అడగలేదు.

ఆ అమ్మాయి గ్రూపులోకి తిరిగి రాలేదు. రమ్మని బలవంతం చేయలేదు. నింద వేసిన బంధువు మిస్తహ్ (రజి)కు ఇక సాయం చేయనని ఒట్టు పెట్టుకున్న హజ్రత్ అబూబక్ర్ (రజి), క్షమించమన్న దైవవాక్కు విని ఆ సాయాన్ని తిరిగి కొనసాగించారు. ఆ క్షమ గొప్పది. కాని అది క్షమించేవారి ఔన్నత్యం, తప్పు చేసినవారి హక్కు కాదు. పండుగకు మాత్రం ఆమె మా ముగ్గురికీ ఫోను చేస్తుంది. ఎంత పని మీద ఉన్నా మొదటి గంటకే ఎత్తుతాము.

సోదరీమణులారా, ఈ రాత్రి మీరు ఏ నాటకమో చూడబోతుంటే చూడండి, చూడకపోతే ఇంకా మంచిది. కాని మొదలు పెట్టే ముందు ఒకసారి ఫోను తీసి, చదవకుండా పక్కన పెట్టిన సందేశం ఏదైనా ఉన్నదేమో చూసుకోండి.